చెరకు నేల జట్టు

1998. ఫిలిప్పీన్స్‌లోని నీగ్రోస్ దీవి. బకోలోద్ నగరంలో పొద్దు వాలుతోంది. లాసాల్ అవెన్యూ మీద జీప్నీలనే చిన్న బస్సులు కదలడం లేదు. దిగి నడవడమే నయం. రోడ్డు వార నిప్పుల మీద కోడిముక్కలు చిటపటమంటున్నాయి. వెనిగర్‌లో, అల్లంలో, నిమ్మగడ్డిలో నానబెట్టి, జాఫ్రా గింజల నూనె పూసి కాల్చే చికెన్ ఇనసాల్ ఈ ఊరి వంట. ఆ పొగ చొక్కాకి పట్టేస్తుంది. పట్టనివ్వండి. ఇవాళ లోపల కూర్చునే వాళ్లందరి చొక్కాల్లోనూ అదే వాసన.

జనం అంతా ఒకే వైపు వెళ్తున్నారు, యూనివర్సిటీ ఆఫ్ సెయింట్ లాసాల్ కొలీసియం వైపు. చెరకు నరికే కాలం అయిపోయింది. మిల్లులు మళ్లీ తిరిగేదాకా ఉండే ఈ ఖాళీ నెలల్ని ఇక్కడ తియెంపో ముయెర్తో, అంటే చచ్చిన కాలం, అంటారు. తోటల్లో కూలి దొరకదు, సకాదాలు అనే వలస కూలీలు సొంతూళ్లకు వెళ్లిపోతారు, షావుకారు దగ్గర అప్పు పెరుగుతుంది. ఎనభైల్లో చక్కెర ధర కుప్పకూలినప్పుడు నీగ్రోస్‌లో పిల్లలు ఆకలికి చచ్చిపోయారు. అది మరీ పాత కథేం కాదు. ఈ వరసలో నిలబడ్డ నడివయసు వాళ్లందరికీ ఆ రోజులు గుర్తే. అయినా టికెట్‌కు డబ్బు తెచ్చుకున్నారు.

లోపలికి రండి. మెట్ల మీద చోటు దొరికితే కూర్చోండి, దొరక్కపోతే సర్దుకోమంటే సర్దుకుంటారు. చెమట, వేయించిన వేరుసెనగ, విసనకర్రల చప్పుడు. హిలిగాయ్‌నోన్ భాషలో మాట మెత్తగా సాగుతుంది, పోట్లాడుకుంటున్నా పాడుతున్నట్టే ఉంటుంది. ఇంతలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు బయటికొస్తారు. ఛాతీ మీద పేరు చదవండి: నీగ్రోస్. కింద స్లాషర్స్, అంటే నరికేవాళ్లు. ఆ పేరు వినగానే చెరకు కత్తి కళ్ల ముందు మెరవకుండా ఈ దీవిలో ఎవరికీ ఉండదు.

ఆ పేరుకు ఇంత కేక ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఫిలిప్పీన్స్‌లో వృత్తి బాస్కెట్‌బాల్ 1975లో పీబీఏ అనే లీగ్‌తో మొదలైంది. కానీ అందులో ఊళ్లు లేవు, కంపెనీలే ఉన్నాయి. క్రిస్పా బట్టల కంపెనీ, టొయోటా కార్ల కంపెనీ, ఇంకా సాన్ మిగెల్, అలాస్కా, జినెబ్రా. ఆటలు చాలావరకు మనీలా చుట్టుపక్కలే. దీవుల్లో ఉన్నవాళ్లు రేడియో పక్కన చేరి, టీవీ ఉన్న ఇంటి కిటికీ పట్టుకుని, ఒక సారా కంపెనీ జట్టు కోసం ఏడ్చారు, నవ్వారు. ఆ ప్రేమ ఉత్తిది కాదు. ఆ సారా జట్టు జినెబ్రాకు ఆడుతూనే కోచ్‌గానూ ఉన్న రాబర్ట్ జవోర్స్కీని ఈ 1998 మే నెలలోనే దేశం సెనేటర్‌గా ఎన్నుకుంది. కానీ ఆ ప్రేమకు సొంత ఊరి చిరునామా లేదు.

ఈ ఏడాదే మెట్రోపాలిటన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ వచ్చింది. ఏబీఎస్-సీబీఎన్ టీవీ దాని వెనక నిలబడింది. పాంపాంగా, మనీలా, సెబు, దావావ్, ఇలోయిలో, నీగ్రోస్: ప్రతి జట్టుకూ ఒక ఊరు, ఒక ప్రాంతం, సొంత కోర్టు. ఒకసారి మనింట్లో ఆట, ఒకసారి వాళ్లింట్లో. జట్టులో ఆ నేల కుర్రాళ్లు కొందరుంటారు. ఫిలిప్పీన్స్ బాస్కెట్‌బాల్‌కు జరిగిన మంచి పనుల్లో ఇదొకటని నా గట్టి నమ్మకం.

బంతి లేచింది. ఇవాళ ఎదురు జట్టు ఇలోయిలో అనుకోండి. మధ్యలో గిమరాస్ జలసంధి, ఇటూ అటూ పడవలు, రెండు ఒడ్డుల్లోనూ ఒకటే భాష. మీ వెనకాయన తిట్టే తిట్టు ప్రతి అక్షరం అవతలివాళ్లకు అర్థమవుతుంది, అందుకే మరింత ఇష్టంగా తిడుతున్నాడు. రింగ్ కింద మన స్లాషర్స్ జాన్ ఫెరియోల్స్ వీపు ఆనించి చోటు చేసుకుంటాడు. రీబౌండ్ దొరికిన క్షణంలో బెంచీలన్నీ లేచిపోతాయి. మీరూ లేస్తారు, లేవకపోతే ఏమీ కనపడదు. బంతి ముందుకు వెళ్తుంటే పక్కనున్న పెద్దావిడ మీ మోచెయ్యి పట్టుకుంటుంది. మీరెవరో ఆవిడకు తెలియదు. బంతి పడేదాకా వదలదు.

ఆ మొదటి ఏడాదే స్లాషర్స్ ఫైనల్‌కు వెళ్లారు. పాంపాంగా డ్రాగన్స్ చేతిలో ఓడారు. 2000లో మళ్లీ ఫైనల్. ఈసారి సాన్ హువాన్ నైట్స్ గెలిచారు. ఇంటి జట్టు ఓడితే బాధ పంచుకునే వాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. తెల్లారి బజారులో చేపలమ్మే మనిషి ఎదురైనా ముందు ఆ మూడో క్వార్టర్ సంగతే.

ఈలోగా లీగ్‌కు డబ్బు కష్టమైంది. దీవుల దేశంలో ఇంటి ఆట, బయటి ఆట అంటే ప్రతి వారం విమానం టికెట్లు, హోటళ్లు. జీతాలు సరేసరి. స్లాషర్స్ ముందు ఆర్‌సీపీఐ అని ఒక పేరు చేరింది. టెలిగ్రాములు పంపే పాత కంపెనీ అది. జేబుల్లో ఫోన్లు చేరి, జనం మెసేజ్‌లతోనే అన్నీ మాట్లాడుకుంటున్న రోజుల్లో తంతి కంపెనీ ఒక ఊరి జట్టును భుజాన మోసింది. కంపెనీ పేరు ముందుకొచ్చినా అరిచేవాళ్లు మాత్రం నీగ్రోస్ అనే అరిచారు.

2002కు రండి. అదే కొలీసియం దారి, అదే ఇనసాల్ పొగ. రేనెల్ హుగ్నాతాన్ లాంటి బలమైన కుర్రాళ్లు ఈ జట్టులోనే రాటుదేలారు. ఆ ఏడాది ఆర్‌సీపీఐ నీగ్రోస్ స్లాషర్స్ చాంపియన్లయ్యారు. ఇన్నేళ్లూ దగ్గరికొచ్చి జారిపోయిన కప్పు చక్కెర దీవికి వచ్చింది. అదే ఏడాది లీగ్ మూతపడింది. కప్పు ఉంది, దాన్ని నిలబెట్టుకోవడానికి మళ్లీ ఆడే ఆట లేదు. ఫెరియోల్స్ పీబీఏలో అలాస్కాకు ఆడాడు. హుగ్నాతాన్ కూడా పీబీఏకు చేరి నలభై దాటాక కూడా ఆడుతూనే ఉన్నాడు. వాళ్లకు దారి దొరికింది. మోచెయ్యి పట్టుకున్న ఆ పెద్దావిడకు మాత్రం మళ్లీ మనీలా ఆటలు చూపించే టీవీయే మిగిలింది.

బాక్సర్ మానీ పాక్యావ్ పెట్టిన ఎంపీబీఎల్ అనే కొత్త లీగ్‌లో ఆటలు 2018లో మొదలయ్యాయి, మళ్లీ ఊళ్ల పేర్లతోనే. బకోలోద్ అందులో చేరింది, ఒక సార్డీన్ డబ్బాల కంపెనీ పేరు తగిలించుకుని. తర్వాత దీవి పేరుతో నీగ్రోస్ మస్కొవాదోస్ అనే జట్టు బరిలోకి దిగింది. మస్కొవాదో అంటే శుద్ధి చేయని చక్కెర, బెల్లం రంగులో ఉంటుంది. ఈ కొత్త జట్ల కుర్రాళ్లలో చాలామంది 1998 నాటికి పసివాళ్లు. వాళ్ల ఆట చూడ్డానికి వెళ్తే మెట్ల మీద నెరిసిన జుట్టు వాళ్ల పక్కన కూర్చోండి. ఫెరియోల్స్ పేరెత్తితే చాలు, హాఫ్‌టైమ్ అయిపోయినా ఆపరు.