మ్యాగజైను

పత్రికకును, తుపాకిలో తూటాలు నిలువయుండు అరకును మ్యాగజైను అను నొకే పేరు చెల్లుట యాకస్మికము కాదు. అరబ్బీ భాషలో 'మఖ్‌జన్' అనగా సరకులు దాచు కొట్టు. మన ఖజానాయు ఆ ధాతువునకు పుట్టినదే. ఇటలీ వర్తకుల నోట, పరాసువారి నోట నలిగి ఆంగ్లమున జేరిన యీ శబ్దము మందుగుండు కొట్టునకు పేరై, 1731లో లండనునందు ఎడ్వర్డు కేవు 'జెంటిల్మన్స్ మ్యాగజైను'ను వెలువరించుటతో వ్యాసముల కొట్టునకును పేరయ్యెను.

అయితే ఆ కొట్టును సైనికుని భుజమున కెక్కించిన కీర్తి అమెరికా అంతర్యుద్ధ కాలపు రైఫిళ్లది. క్రిస్టఫరు స్పెన్సరు 1860లో పేటెంటు పొందిన రైఫిలున, కఱ్ఱ మడమలోని గొట్టమున ఏడు తూటాలు ఒకదాని వెనుక నొకటి నిలువగా, స్ప్రింగు వానిని ముందునకు నెట్టుచుండెను. క్రింది మీటను దింపి యెత్తినంతనే కాలిన డొల్ల వెలికిబోయి క్రొత్త తూటా దాని చోట జేరును, గుఱ్ఱమును మాత్రము ప్రతిసారియు బొటనవ్రేలితో వెనుకకు లాగవలయును. తూటాలు వృథాయగునని ఉత్తరపక్షపు ఆయుధశాఖాధిపతి రిప్లే దీని నంగీకరింప వెనుదీసెను. గుమాస్తా పొదుపు రణరంగమున నక్కఱకు వచ్చునా? కర్నలు వైల్డరు సైనికులు తమ జీతములనుండియైనను వెల చెల్లింప సిద్ధపడి సమకూర్చుకొన్న యీ రైఫిళ్లతోనే 1863 జూన్ 24న టెనెసీలోని హూవర్స్ గ్యాపు కనుమను పట్టి నిలిపిరి.

1877లో ప్లెవ్నాయొద్ద తుర్కీ సేనాని ఉస్మాన్ పాషా సేనలు దవ్వుల పీబాడీ-మార్టినీలతోను, చేరువను మ్యాగజైను గల వించెస్టర్లతోను రష్యనులను చెండాడిన పిదప ఐరోపా పెద్ద రాజ్యములు మ్యాగజైను రైఫిళ్ల విషయమును తీవ్రముగా నాలోచింపసాగెను. ఫ్రాన్సు 1886లో చేకొన్న లెబెలు రైఫిలున, నాళము క్రింది మ్యాగజైనులో ఎనిమిది తూటాలు పట్టెడివి.