జలోదరం: నీరు తీయడంలోని ప్రమాదం

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఈనాడు సిరోసిస్ వల్ల జలోదరం వచ్చిన రోగికి 5 లీటర్లకు మించి నీరు తీయవలసివస్తే, అల్ట్రాసౌండ్‌తో చోటు చూసి సూది దించుతారు. తీసిన ప్రతి లీటరుకూ 6 నుంచి 8 గ్రాముల ఆల్బుమిన్ నరంలోకి ఎక్కిస్తారు. ఒకపక్క నీరు తీస్తూ మరోపక్క ద్రవం ఎక్కించడమేమిటని బంధువులకు అనుమానం రావడం సహజం. ఆ ప్రశ్న వెనుక చాలా పాత భయం ఉంది.

సుశ్రుతసంహిత చికిత్సాస్థానం 14వ అధ్యాయం ఈ శస్త్రకర్మను వివరిస్తుంది. నాభికి దిగువన, ఎడమవైపు, నడిమి నూగారుకు నాలుగు వేళ్ల వెడల్పు విడిచి, వ్రీహిముఖమనే శస్త్రంతో బొటనవేలి మందం లోతున గుచ్చాలి. తగరపు గొట్టమో ఈక కాడో అమర్చి నీరు వదలాలి. అయితే ఒక్కనాడే అంతా తీయరాదు. తీస్తే దప్పిక, జ్వరం, ఒళ్లునొప్పులు, విరేచనాలు, ఆయాసం, దగ్గు, పాదాల మంట కలుగుతాయి. అందుకే మూడు మొదలు పదహారు రాత్రుల వరకు ఎడమిచ్చి కొద్దికొద్దిగా తీయాలి. తరువాత వాయువు ఉబ్బించకుండా పొట్టను ఉన్నితోనో పట్టుతోనో తోలుతోనో బిగించి చుట్టాలి. నీరంతా ఒక్కసారిగా పోతే రోగి మరణిస్తాడని గ్రీకుల హిపోక్రటీస్ సూత్రాలూ చెప్పాయి. 18వ శతాబ్దపు లండన్ వైద్యుడు రిచర్డ్ మీడ్ కూడా పొట్టను నొక్కి కట్టమన్నాడు.

వారు చెప్పిన కారణాలు నేడు నిలవవు. చూసినది మాత్రం నిజం. పొట్టలో ఒత్తిడి హఠాత్తుగా తగ్గితే రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, మూత్రపిండాలకు చాలినంత రక్తం అందదు, సోడియం పడిపోతుంది, నీరు త్వరగా తిరిగి చేరుతుంది. ఆ కట్టు కొంతైనా ఒత్తిడిని నిలిపి ఉండాలి.

గుచ్చిన చోటు తెచ్చే చిక్కులు వేరు. బేథోవెన్‌కు 1826 డిసెంబరు నుంచి నాలుగుసార్లు నీరు తీశారు. గాయం వాచింది, నీరు కారుతూనే ఉంది. 1827 మార్చి 26న ఆయన మరణించాడు. అయితే అప్పటికే ఆయన కాలేయం పూర్తిగా చెడింది గనుక నేరమంతా సూదిపై మోపడం న్యాయం కాదు.

20వ శతాబ్దం మధ్యలో మూత్రం జారీచేసే మందులు వచ్చి సూదిని వెనక్కి నెట్టాయి. 1980లలో బార్సిలోనా వైద్యులు దాన్ని తిరిగి తెచ్చారు. 1988లో 105 మంది రోగులపై వారు ప్రచురించిన పరిశోధనలో, ఆల్బుమిన్ ఇచ్చినవారికి మూత్రపిండాల చిక్కులు బాగా తగ్గాయి. సుశ్రుతుడు రోజుల తరబడి పంచిన నీటిని ఇప్పుడు ఒక్క పూటలో తీయగలుగుతున్నారు. కానీ ఆల్బుమిన్ సీసా ఖరీదైనది. దాన్ని సొంతంగా కొనుక్కోవలసిన చోట కొన్ని లీటర్లతో ఆపి, కొన్నాళ్లకు మళ్లీ తీసే పద్ధతి నేటికీ ఉంది.