బమ్మెర: ఒక ఇంటిపేరు పుట్టుక, అర్థం, ప్రచారం

తెలుగు సాహిత్య చరిత్రలో కవుల దేశకాల నిర్ణయానికి ఆధారాలుగా గ్రంథావతారికలు, ఆశ్వాసాంత గద్యలు, శాసనాలు, సమకాలిక కవుల ప్రస్తావనలు ఉపయోగపడుతున్నాయి. వీటి సరసన ఇంటిపేరును కూడా చేర్చడం పరిపాటి. అయితే ఇంటిపేరు దేనికి సాక్ష్యమో, దేనికి కాదో నిర్ణయించుకోకుండా దానిని ప్రమాణంగా స్వీకరిస్తే వాదం బలహీనపడుతుంది. పోతన జన్మస్థల చర్చలో ‘బమ్మెర’ అనే ఇంటిపేరు నిర్వహించిన పాత్ర ఇందుకు మంచి ఉదాహరణ. ఆ ఇంటిపేరు పుట్టుకను, అర్థాన్ని, ప్రచారాన్ని పరిశీలించి, సాక్ష్యంగా దాని పరిమితిని నిర్ధారించడం ఈ వ్యాసం లక్ష్యం.

ఊరి పేరు – ఇంటిపేరు

బమ్మెర గ్రామం నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. 2016 అక్టోబరులో తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఇది వరంగల్ జిల్లాలో భాగం. ఆ జిల్లా నుండే జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. కాబట్టి ఈ ప్రాంతపు ఇంటిపేర్లను పరిశీలించేటప్పుడు నేటి సరిహద్దులను పక్కనపెట్టి ఓరుగల్లు మండలాన్ని ఒకే క్షేత్రంగా చూడవలసి ఉంటుంది.

తెలుగువారి ఇంటిపేర్లలో గ్రామనామాల నుండి వచ్చినవి పెద్ద వర్గం. ఇవి సాధారణంగా షష్ఠ్యర్థంలో వ్యక్తి నామానికి ముందు చేరుతాయి. కందుకూరు ‘కందుకూరి’గా, వేటూరు ‘వేటూరి’గా మారడం ఔపవిభక్తిక రూపం వల్లనే. ‘బమ్మెర’ అకారాంతం కావడంతో ఇటువంటి మార్పు పొందలేదు. గ్రామనామం, ఇంటిపేరు ఒకే రూపంలో నిలిచాయి. అందువల్ల మూలగ్రామాన్ని గుర్తించడం ఇక్కడ సులభమయింది.

గ్రామనామం ఇంటిపేరుగా మారే క్రమంలో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. బమ్మెరలో ఉన్నంతకాలం ఒక కుటుంబాన్ని ‘బమ్మెరవారు’ అని పిలవవలసిన అవసరం ఇరుగుపొరుగులకు కలగదు. ఊరిలో అందరూ బమ్మెరవారే. ఆ కుటుంబం మరొక ఊరికి తరలినప్పుడు అక్కడివారికి ఆ గుర్తింపు కావలసివస్తుంది. అంటే గ్రామనామమైన ఇంటిపేరు సాధారణంగా వలసకు గుర్తు. అది పూర్వికులు ఎక్కడినుండి వచ్చారో చెబుతుంది. ఆ పేరు ధరించిన వ్యక్తి ఎక్కడ నివసించాడో చెప్పదు.

అర్థ విచారం

‘బమ్మెర’ అర్థాన్ని రెండు స్థాయులలో చూడాలి. ఇంటిపేరుగా దాని అర్థం ‘బమ్మెరకు చెందిన’ అని మాత్రమే. గ్రామనామంగా దాని వ్యుత్పత్తి వేరొక ప్రశ్న. దిగ్భ్రమ చెందు అనే అర్థంలో కావ్యభాషలో ‘బమ్మెరపోవు’ అనే క్రియ ఉంది. రూపసామ్యం ఆధారంగా గ్రామనామాన్ని దానితో ముడిపెట్టడం శాస్త్రీయం కాదు. క్రియలోని మానసిక స్థితికి ఊరి ఉనికితో సంబంధం చూపనిదే ఆ వ్యుత్పత్తి నిలవదు. ‘బ్రహ్మ’కు వికృతి అయిన ‘బమ్మ’తో అన్వయించాలన్నా, మిగిలిన ‘ఎర’ అనే భాగానికి సమాధానం చెప్పవలసి ఉంటుంది. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్లపై, యార్లగడ్డ బాలగంగాధరరావు నామవిజ్ఞానంపై చేసిన కృషి తరువాత, కేవలం ధ్వనిసామ్యంతో ఊరి పేరుకు అర్థం చెప్పే పద్ధతికి పరిశోధనలో స్థానం లేదు.

రూపం విషయంలో మాత్రం బలమైన ఆధారం ఉంది. రాజులకు కృతినివ్వకుండా భాగవతాన్ని శ్రీహరికి అర్పించిన సంగతి చెప్పే ప్రసిద్ధ పద్యంలో కవి ఇంటిపేరు నాలుగవ పాదం మొదట వస్తుంది. ఆ పద్యానికి ప్రాస ‘మ్మ’. పద్యాన్ని ఎందరు లేఖకులు ఎత్తిరాసినా ఇంటిపేరులోని ద్విత్వ మకారం చెడకుండా ఛందస్సే కాపాడింది. దీనికి భిన్నంగా స్కంధాంత గద్యలో కవి కేసనమంత్రి పుత్రుడుగా, సహజపాండిత్యుడుగా, పోతనామాత్యుడుగా కనిపిస్తాడు, ఇంటిపేరు కనిపించదు. అవతారికలోని వంశవర్ణన కూడా కౌండిన్య గోత్రం, ఆపస్తంబ సూత్రం, తల్లిదండ్రులు, అన్న తిప్పన అనే వరుసలో సాగుతుంది. గోత్రం, తండ్రి పేరు శాస్త్రీయ పరిచయానికి. ఇంటిపేరు లోకవ్యవహారానికి అనే విభజన ఇక్కడ వ్యక్తమవుతున్నది.

పొరుగు సాక్ష్యాలు

ఓరుగల్లు మండలంలో ఊరి పేరుతో ప్రసిద్ధులైన కవి పోతన ఒక్కడే కాడు. బసవపురాణ కర్త సోమనాథుని ‘పాల్కురికి’ బమ్మెరకు సమీపంలోని పాలకుర్తి. సింహాసనద్వాత్రింశిక రచించిన గోపరాజు ఇంటిపేరు ‘కొరవి’. ఆ గ్రామం నేటి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. గోపరాజు జీవితాన్ని మాత్రం పరిశోధకులు నిజామాబాదు ప్రాంతంలోని భీంగల్‌తో ముడిపెట్టారు. ఇంటిపేరు ఒక ఊరిని, జీవితం మరొక ఊరిని సూచించడం అసహజం కాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇంటిపేరు ఒక్కటే ప్రమాణమైతే కలిగే చిక్కును సోమనాథుని విషయం చూపుతుంది. కన్నడంలో పదాది పకారం హకారమవుతుంది. ‘పాలు’ అక్కడ ‘హాలు’. ఈ సూత్రం ఆధారంగా కొందరు పాల్కురికిని తుముకూరు జిల్లాలోని హాల్కురికెగా గుర్తించారు. భాగవతంలోని చివరి స్కంధాలను పూరించిన వెలిగందల నారయ విషయమూ ఇటువంటిదే. కరీంనగర్ సమీపంలోని ఎలగందులకు వెలిగందుల అనే పేరుంది. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో వెలిగండ్ల ఉంది. పేరు ఒక్కటే ఈ రెండింటిలో ఒకదానిని తేల్చలేదు.

కాకతీయ శాసనాలలోని విరియాల, మల్యాల, రేచెర్ల వంటి పేర్లు వంశనామాలుగా వ్యవహరించాయి. జనగామ ప్రాంతపు గూడూరు శాసనం విరియాల వారిని స్మరిస్తుంది. 1213 నాటి పాలంపేట శాసనం రేచెర్ల రుద్రునిది. పాలంపేట 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019లో ములుగు జిల్లాలోకి వెళ్లింది. రెడ్డి సామంతుడైన రుద్రునికీ, తరువాతి కాలపు పద్మనాయక ప్రభువులకూ రేచెర్ల అనే పేరు ఉమ్మడి. ఒకే పేరు ధరించిన వారందరూ ఒకే రక్తసంబంధీకులు కానక్కర లేదు. నేడు బమ్మెర ఇంటిపేరు గల కుటుంబాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఆ పేరు ఊరిని చెబుతుంది. కవి వంశాన్ని చెప్పదు.

జన్మస్థల చర్చలో ఇంటిపేరు

చంద్రగ్రహణం నాడు గంగాస్నానం చేసి, రామభద్రుని ఆదేశం పొంది, ఏకశిలానగరానికి చేరుకున్నట్లు పోతన అవతారికలో చెప్పాడు. ఏకశిలానగరం ఓరుగల్లే అన్నది ఒక పక్షం. కడప జిల్లా ఒంటిమిట్ట అన్నది మరొక పక్షం. రెండవ పక్షానికి ఊరి పేరులోని అర్థసామ్యం, అక్కడి కోదండరామాలయం, కవి రామభక్తి ఆధారాలు.

ఒంటిమిట్ట వాదాన్ని ఇంటిపేరు తనంతట తానుగా ఖండించలేదు. బమ్మెర నుండి ఒక కుటుంబం కడప సీమకు వలసపోయి ఉండవచ్చునని ఆ పక్షం వారు సమాధానం చెప్పగలరు. కాని అలా చెప్పినప్పుడు ఒక దూరపు వలసను అదనంగా ఊహించవలసి వస్తుంది. ఓరుగల్లు పక్షానికి ఆ అవసరం లేదు. బమ్మెర ఓరుగల్లు పరిసర గ్రామం. అక్కడి కుటుంబం రాజధానికి చేరడం సహజ పరిణామం. పైగా ఏకశిల ఓరుగల్లుకు సాహిత్యంలో రూఢమైన పేరు. ఇంటిపేరు, నగర నామం అనే రెండు స్వతంత్ర సాక్ష్యాలు ఒకే ప్రాంతంలో కలవడమే ఈ పక్షానికి బలం. విడిగా ఏ ఒక్కటీ నిర్ణాయకం కాదు.

ప్రచారం

బమ్మెర అరుదైన ఇంటిపేరు. అయినా తెలుగు చదివిన ప్రతివారికీ పరిచితం. ధరించినవారి సంఖ్యకూ ప్రసిద్ధికీ సంబంధం లేదనడానికి ఇది నిదర్శనం. ఈ ప్రసిద్ధి పాఠ్యగ్రంథాల ద్వారా, పద్యపఠనం ద్వారా వచ్చింది. అదే సమయంలో కవి కీర్తి ఇంటిపేరును వెనుకకు నెట్టింది కూడా. 1943లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన చిత్రానికి ‘భక్త పోతన’ అనే పేరు చాలింది. ఆధునిక వ్యవహారంలో ఇంటిపేరును తొలి అక్షరానికి కుదించే అలవాటు మరొక కారణం. ‘బి.’ అన్న పొడి అక్షరం వెనుక బమ్మెర, బండ, బొమ్మకంటి ఏదైనా ఉండవచ్చు. తరచుగా వినిపించే ఇంటిపేర్లకు దీనివల్ల నష్టం తక్కువ. అరుదైనవి మాత్రం ఒకటి రెండు తరాలలోనే రికార్డుల నుండి జారిపోతాయి.

ముగింపు

బమ్మెర అనే ఇంటిపేరు గ్రామనామ జన్యం. అది పోతన పూర్వికుల గ్రామాన్ని సూచిస్తుంది. అతని నివాసాన్ని గాని, నేటి బమ్మెరవారితో అతని బంధుత్వాన్ని గాని నిరూపించదు. ఏకశిలానగర ప్రస్తావనతో కలిపి చూసినప్పుడే జన్మస్థల చర్చలో దానికి విలువ. పాల్కురికి, కొరవి, వెలిగందల వంటి పేర్లనూ ఇదే కొలతతో పరిశీలించినప్పుడు ఓరుగల్లు మండల సాహిత్య చరిత్రలో వలసల పాత్ర స్పష్టమవుతుంది. అందుకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఇంటిపేర్లను పొడి అక్షరాలుగా కాక పూర్తి రూపాలలో, ఊరివారీగా సేకరించడం తక్షణ కర్తవ్యం.