సింథసైజరు శ్రుతి - కథా కమామీషు

మన సాఫ్ట్‌వేరు వాళ్లకి ఒక జబ్బుంది. డీఫాల్టుగా ఏ విలువ కనిపిస్తే అదే ప్రకృతి ధర్మం అనుకుంటాం. దాన్ని ఎప్పుడో ఎవరో కూర్చుని నిర్ణయించారన్న సంగతి గుర్తుండదు. సంగీతంలోనూ అలాంటి డీఫాల్టు ఒకటుంది. స్థాయికి పన్నెండు మెట్లు, అన్నీ సమాన దూరంలో, 'ఏ' అనే స్వరం 440 హెర్ట్జ్ దగ్గర. పిల్లల కీబోర్డు నుంచి ఫోన్ రింగ్‌టోన్ల దాకా చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే సంగీతం పుస్తకాల కంటే సింథసైజరు చరిత్ర చదవడం తేలికని నా అభిప్రాయం.

ముందు కాస్త థియరీ. కంగారు పడకండి, ఇంటర్ ఫిజిక్సు చాలు.

నా దగ్గర రెండు ఆసిలేటర్ల చిన్న అనలాగ్ సింథు ఒకటుంది. ఒకదాన్ని 440 దగ్గరా, రెండోదాన్ని 441 దగ్గరా పెడితే శబ్దం సెకనుకోసారి పెరిగి తగ్గుతుంది. విస్పందనాలు అని చదువుకున్నామే, అవే. నాబ్ మెల్లగా తిప్పుతుంటే ఆ ఊపు నెమ్మదించి ఒకచోట ఆగిపోతుంది. శ్రుతి కలవడం అంటే అదే. రెండోదాన్ని ఇంకా పైకి తీసుకెళితే ఊపు మళ్లీ కొన్నిచోట్ల మాత్రమే ఆగుతుంది. నిష్పత్తి 5:4 దగ్గర ఆగితే అంతర గాంధారం, 3:2 అయితే పంచమం, 2:1 అయితే పై షడ్జం. తంబూరాలో మంద్ర షడ్జం తీగ మీటి జాగ్రత్తగా వింటే ఎవరూ మీటని గాంధారం వినిపిస్తుంది చూడండి, అది ఆ తీగలోనే ఉన్న ఐదో హార్మోనిక్.

ఇక్కడే ఉంది తిరకాసు. పంచమం మీద పంచమం పేర్చుకుంటూ పన్నెండు సార్లు వెళితే ఏడు స్థాయిల పైన ఉన్న షడ్జానికి చేరాలి. చేరం. 3/2ని పన్నెండు సార్లు గుణిస్తే 129.75 వస్తుంది, 2ని ఏడు సార్లు గుణిస్తే 128. ఎంత ప్రెసిషన్ పెంచినా పోయే తేడా కాదిది. మూడు ఘాతాలు రెండు ఘాతాలతో ఎన్నటికీ కలవవు, అంతే. కాబట్టి ఆ తేడాని ఎక్కడో ఒకచోట సర్దాలి. ఎక్కడ సర్దాలన్నది లెక్క చెప్పదు, మనిషే నిర్ణయించుకోవాలి.

మనవాళ్లకి ఇది కొత్త చిక్కేం కాదు. విజయనగరంలో అళియ రామరాయల ఆదరణలో రామామాత్యుడు 1550లో 'స్వరమేళకళానిధి' రాశాడు. అందులో వీణల్ని రెండు రకాలుగా చెప్పాడు. ఏకరాగమేళ వీణలో మెట్లు ఆ రాగానికి తగ్గట్టు అమర్చుకోవాలి, రాగం మారితే మెట్లు జరపాలి. సర్వరాగమేళ వీణలో ఒకసారి మెట్లు బిగిస్తే అన్ని రాగాలూ వాటి మీదే. మన భాషలో చెప్పాలంటే మొదటిది సెషన్‌కో కాన్ఫిగరేషను, రెండోది గ్లోబల్ కాన్ఫిగరేషను. ఆ తర్వాతి కథంతా ఈ రెండు వీణల మధ్య తగువే.

గ్లోబల్ కాన్ఫిగరేషనుకి అందరికీ సమానంగా నష్టం పంచే లెక్క 1584లో చైనాలో మింగ్ రాకుమారుడు జూ జైయూ కట్టాడు. ప్రతి మెట్టూ ముందుదానికి 1.05946 రెట్లు, అంటే 2కి పన్నెండో మూలం. కొంచెం తర్వాత యూరప్‌లో సైమన్ స్టెవిన్ కూడా అదే దారి పట్టాడు. దీనివల్ల లాభం ఏమిటంటే ఏ స్వరాన్ని షడ్జంగా పెట్టుకున్నా పాట ఒకేలా వినిపిస్తుంది. నష్టం గాంధారానికి తగిలింది. 440ని షడ్జం అనుకుంటే 5:4 గాంధారం 550 దగ్గర ఉండాలి. కీబోర్డులో అది 554.37 దగ్గర ఉంటుంది. రెండూ కలిపి నొక్కితే సెకనుకి దాదాపు 17 విస్పందనాలు. అలవాటు పడ్డాం కాబట్టి మనకి వినపడదు. 440 అన్న అంకె కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు, 1939లో లండన్‌లో ఒక అంతర్జాతీయ సమావేశంలో ఒప్పుకున్నది.

ఇక యంత్రాల సంగతి. 1935లో మార్కెట్లోకి వచ్చిన హామండ్ ఆర్గన్‌లో స్వరాలు పుట్టేది పళ్లచక్రాల నుంచి. అమెరికా కరెంటుతో మోటారు సెకనుకి సరిగ్గా 20 చుట్లు తిరుగుతుంది. 'ఏ' కోసం గేర్లు 88:64, టోన్‌వీల్‌కి 16 పళ్లు. గుణించి చూడండి, 440 వస్తుంది. 'సీ' కోసం 85:104. అది 261.54 ఇస్తుంది, రావలసింది 261.63. పన్నెండో మూలాన్ని పళ్లతో దగ్గరదగ్గరగా పట్టేశారన్నమాట!

అసలు కష్టాలు రాబర్ట్ మూగ్‌తో మొదలయ్యాయి. హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి 1964లో తయారుచేసిన పరికరాల్లో ఆయన పెట్టిన రూలు వోల్టుకో స్థాయి. ఒక వోల్టు పెంచితే ఫ్రీక్వెన్సీ రెట్టింపు. దీనికి ట్రాన్సిస్టరు గుణం సరిగ్గా సరిపోయింది, గది ఉష్ణోగ్రతలో దాని వోల్టేజి 18 మిల్లీవోల్టులు పెంచితే కరెంటు రెట్టింపవుతుంది. కానీ ఆ 18 ఉష్ణోగ్రతతో మారుతుంది, డిగ్రీకి మూడో వంతు శాతం చొప్పున. చూడ్డానికి చిన్నదే. స్థాయిని 1200 సెంట్లుగా కొలుస్తారు. ఏమీ సర్దకపోతే, ఐదు డిగ్రీలు వేడెక్కిన చోట, ఆధారం నుంచి రెండు స్థాయిల దూరంలో ఉన్న స్వరం 40 సెంట్లు జరుగుతుంది. పక్క మెట్టుకి దూరమే 100 సెంట్లు. అపశ్రుతి అనడానికి సంగీతం తెలిసి ఉండక్కర్లేదు.

అందుకే శ్రుతి చేయడానికి రెండు సవరణలుంటాయి. ట్యూన్ మొత్తాన్నీ పైకో కిందికో జరుపుతుంది, స్కేల్ వోల్టుకి సరిగ్గా రెట్టింపయ్యేలా చూస్తుంది. వై = ఎమ్ ఎక్స్ + సి గుర్తొచ్చిందా? ట్యూన్ సి, స్కేల్ ఎమ్. కింద స్వరం సరిచేసి, పైది సరిచేస్తే కిందది కదులుతుంది. మళ్లీ మొదటికి. రెండూ కుదిరేదాకా ఇదే లూపు. 1970లో వచ్చిన మినీమూగ్ ముందు ప్యానెల్ మీదే ఏ-440 స్విచ్చు పెట్టారంటే అవసరం ఎంతో ఊహించుకోండి. 1968లో వెండీ కార్లోస్ 'స్విచ్డ్-ఆన్ బాక్' మొత్తాన్ని ఒక్కో గీతం విడిగా రికార్డు చేసి పేర్చింది. అలాంటి యంత్రం మీద అది పని కాదు, తపస్సు.

1978లో డేవ్ స్మిత్ ప్రాఫెట్-5తో బాధ తగ్గింది. ఐదు గొంతులు, పది ఆసిలేటర్లు. ట్యూన్ బటన్ నొక్కితే లోపలి మైక్రోప్రాసెసరు ఒక్కోదాన్నీ కొలిచి తేడాలు గుర్తుపెట్టుకుంటుంది. చెవి చేసే పని కోడ్ చేయడం మొదలైంది. 1983లో అదే స్మిత్, రోలాండ్‌కు చెందిన కాకేహాషి ప్రభృతుల పూనికతో మిడి వచ్చింది. స్వరం ఇప్పుడు 0 నుంచి 127 దాకా ఒక అంకె. నిజానికి మిడి ఏ కీ నొక్కారో మాత్రమే చెబుతుంది, 69 అంటే 440 అని అర్థం చేసుకునేది అవతలి వాయిద్యం. కానీ అన్నీ అలాగే అర్థం చేసుకున్నాయి. స్వరాన్ని వంచే సందేశం ఉంది గానీ అది ఛానల్లో ఉన్న స్వరాలన్నిటినీ కలిపి వంచుతుంది. ఒక్క స్వరానికే గమకం వేయాలంటే ఛానళ్లతో కుస్తీ పట్టాలి.

అంటే సర్వరాగమేళ వీణే గెలిచింది. అది స్టాండర్డ్ కావడం వల్ల లక్షల మందికి చవకగా సంగీతం అందింది, అది కాదనలేం. మన దగ్గర ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించి 1971 దాకా పట్టుదలగా కూర్చుంది. గమకం పలకదు, స్వరస్థానాలు కుదరవు అన్నవి చెప్పిన కారణాల్లో ముఖ్యమైనవి. కారణం సబబే, నిషేధం మాత్రం నాకు నచ్చదు. వాయిద్యాన్ని వెలివేస్తే చెవికి శిక్షణ రాదు.

నా బాధల్లా వేరే. మన పిల్లలు చాలామంది కీబోర్డు పెట్టుకుని సరళీవరుసలు నేర్చుకుంటున్నారు. మాయామాళవగౌళలో ఉన్నది అంతర గాంధారమే. కీబోర్డు గాంధారం తంబూరా చూపించే గాంధారం కంటే 14 సెంట్లు ఎక్కువ. గురువు తంబూరా పెడితే పాపకి రెండు గాంధారాలు వినిపిస్తాయి, ఏది ఎందుకో చెప్పేవాళ్లుండరు. పెట్టెలోది తప్పు కాదు, తంబూరాదే ఒప్పనీ కాదు. ఒకటి తీగ గుణం, రెండోది ఒప్పందం. ఆ తేడా తెలియకుండా పెరగడమే నష్టం.

విచిత్రం ఏమిటంటే ఏకరాగమేళ వీణ ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. స్వరస్థానాలు మార్చుకునే పద్ధతి మిడిలోకి 1992లోనే చేరింది. 2020లో వచ్చిన మిడి 2.0లో ఒక్కో స్వరాన్నీ విడిగా వంచొచ్చు. సర్జ్ లాంటి ఓపెన్ సోర్స్ సింథుల్లో స్కాలా ఫైలు లోడ్ చేస్తే మెట్లు మీకు కావలసిన చోటికి జరుగుతాయి. కాన్ఫిగ్ ఫైలు ఎడిట్ చేయడం మనకి చేతకాని పనా!

ఈ శనివారం ఒక గంట తీసుకోండి. సింథులో రెండు ఆసిలేటర్లు పెట్టి, డిస్ప్లే మీద అంకెలు చూడకుండా, ఊపు ఆగేదాకా నాబ్ తిప్పండి. ముందు పంచమం, తర్వాత గాంధారం. అది దొరికాక కీబోర్డు గాంధారం నొక్కి పోల్చండి. పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్లకే ముందు వినపడుతుంది :)