చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్ కావాలా? కాప్రా వాసులు ముందుగా అడగాల్సింది ఏమిటి?

సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్ పరిసరాల్లో ఉదయం పూట నడవాలంటే చాలామందికి రోడ్డే దిక్కు. అందుకే కాప్రా చెరువు (ఊర చెరువు) లాంటి చోట్ల ట్రాక్ వేయాలనే డిమాండ్ వస్తుంటుంది. అయితే వినతిపత్రం రాసేముందు మీరు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ట్రాక్ ఏ గీత మీద వేస్తారు? గీత తప్పితే నడకదారే చెరువును కుదించేస్తుంది.

ఎఫ్‌టీఎల్, బఫర్ అంటే?

చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో ఆ హద్దే ఎఫ్‌టీఎల్. దాని బయట ఖాళీగా వదలాల్సిన స్థలం బఫర్ జోన్. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్ల బఫర్ ఉండాలి. కాప్రా చెరువు పెద్ద చెరువుల కోవలోకి వస్తుంది. బఫర్‌లో ఇళ్లు కట్టకూడదు. పచ్చదనం, ఆహ్లాదం కోసం వాడుకోవచ్చు. పెద్ద చెరువుల చుట్టూ వీలున్న చోట రింగ్ రోడ్డు గానీ నడక బాట గానీ వేయవచ్చని అదే జీవో చెబుతోంది. అంటే నడకదారికి చట్టంలో చోటుంది. ఆ చోటు ఎఫ్‌టీఎల్‌కు బయట ఉంది.

గీత లోపలికి జరిగితే ఏమవుతుంది?

ఎఫ్‌టీఎల్ లోపల మట్టి పోసి కట్టలా లేపి దానిపై ట్రాక్ వేస్తే రెండు నష్టాలు. ఒకటి, ట్రాక్‌కు అవతల మిగిలిన చెరువు భూమి ఎండిన స్థలంలా కనిపిస్తుంది. కొన్నేళ్లకు అక్కడ ప్రహరీ లేస్తే ఆపడం కష్టం. రెండు, కాలనీల నుంచి చెరువులోకి వెళ్లాల్సిన వాననీటికి ఆ కట్టే అడ్డం. నీళ్లు వీధుల్లో, సెల్లార్లలో నిలుస్తాయి. కాబట్టి ట్రాక్ కింద నీరు వచ్చే ప్రతి చోటా తగినంత తూము లేదా కల్వర్టు ఉందా, అలుగు దారి తెరిచి ఉందా అన్నది డిజైన్‌లోనే చూడాలి.

ఇంకో చిక్కు పట్టా భూములు. ఎఫ్‌టీఎల్ పరిధిలో కొన్ని చోట్ల ప్రైవేటు పట్టాలు ఉంటాయి. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు గానీ, పూడ్చడానికి, కట్టడానికి వీల్లేదు. అలాంటి భూమి మీదుగా దారి వేయాలంటే యజమాని ఒప్పుకోవాలి. లేదా సేకరణ, టీడీఆర్ వంటి మార్గాల్లో పరిష్కరించాలి. ఇది తేలకుండా పని మొదలుపెడితే కోర్టు కేసుతో సగంలో ఆగుతుంది.

ఎవరిని అడగాలి?

• సర్వే నంబర్లు, శిఖం భూమి వివరాలు: కాప్రా తహశీల్దార్ కార్యాలయం, నీటిపారుదల శాఖ.
• ఎఫ్‌టీఎల్ మ్యాపు, నోటిఫికేషన్: హెచ్‌ఎండీఏ. ముందు ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాల తర్వాత తుది నోటిఫికేషన్ ఇస్తారు. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో చూడవచ్చు.
• ట్రాక్, లైట్లు, నిర్వహణ: మున్సిపల్ కార్పొరేషన్. వార్డుల హద్దులు ఈ మధ్య మారాయి కనుక మీ ఇల్లు ఎక్కడికి వస్తుందో సర్కిల్ కార్యాలయంలో కనుక్కోండి.
• చెరువులో కలిసే మురుగు: జలమండలి.
• ఆక్రమణలు: 2024 జూలైలో జీవో 99తో ఏర్పాటైన హైడ్రా.

మ్యాపు దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద రూ.10 ఫీజుతో దరఖాస్తు చేయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ‘ఎఫ్‌టీఎల్ మ్యాపు, ట్రాక్ అలైన్‌మెంట్ డ్రాయింగ్, అంచనా పత్రం, నిర్వహణ కాలం’ అని విడివిడిగా అడగండి. ‘మొత్తం వివరాలు’ అంటే ముక్తసరి జవాబుతో సరిపెట్టే వీలుంటుంది.

చెరువు దాకా వెళ్లే దారి సంగతేంటి?

ట్రాక్ ఎంత బాగున్నా అక్కడికి వెళ్లేందుకు బండి తీయాల్సి వస్తే ప్రయోజనం సగమే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల (ఐఆర్‌సీ 103) ప్రకారం నివాస ప్రాంతాల్లో ఫుట్‌పాత్‌పై అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. ర్యాంపు వాలు 1:12. వీల్‌చైర్ వెళ్లగలిగితే పిల్లల బండి, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కూడా వెళ్లగలరు. నడవడానికి అనువైన ఫుట్‌పాత్ రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది.

వీధి మీద కట్టిన మెట్లు, ర్యాంపుల వంటి అడ్డంకులను తొలగించే అధికారం జీహెచ్‌ఎంసీ చట్టం 402, 405 సెక్షన్ల కింద కమిషనర్‌కు ఉంది. తోపుడు బండ్ల విషయం వేరు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయ్యే వరకు వాళ్లను ఖాళీ చేయించకూడదు. కాబట్టి ‘బండ్లు తీసేయండి’ అనకుండా, వాళ్లకు చోటు చూపిస్తూ ప్లాన్ అడగండి. ఆమోదం పొందిన లేఅవుట్‌లో రోడ్లను గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు ఇస్తారు. మీ కాలనీ గేటు అలాంటి దారిని మూసేస్తుంటే ఆ విషయం కూడా సర్కిల్ కార్యాలయంలో లేవనెత్తవచ్చు.

సంతకాలు పెట్టే ముందు

కాలనీవాళ్లు నలుగురు కలిసి, మ్యాపు చేతపట్టుకుని, ఒకసారి వాన పడ్డాక చెరువు చుట్టూ తిరగండి. నీరు వచ్చే చోట్లు, అలుగు, మురుగు కలిసే పైపులు, జనం ఇప్పటికే నడుస్తున్న కాలిబాటలు గుర్తించి ఫొటోలు తీయండి. చేపలు పట్టేవాళ్లు నీటిలోకి ఎక్కడ దిగుతారు, బతుకమ్మ ఎక్కడ వేస్తారు అన్నదీ రాసుకోండి. కంచె వేసి గేటుకు తాళం పెడితే ముందు ఇబ్బంది పడేది వాళ్లే. ఆ తర్వాత వినతిపత్రంలో ఈ నాలుగు ఉండేలా చూసుకోండి.

1. పని మొదలయ్యే ముందు ఎఫ్‌టీఎల్ హద్దు రాళ్లు పాతాలి.
2. ట్రాక్ ఎఫ్‌టీఎల్ బయటే ఉండాలి. నీటి దారులకు కల్వర్టులు ఉండాలి.
3. మురుగు మళ్లింపు ట్రాక్ కంటే ముందు పూర్తవ్వాలి. దుర్వాసన ఉన్నచోట ఎవరూ నడవరు.
4. నిర్వహణ ఎవరిది, ఎన్నేళ్లు అన్నది రాతపూర్వకంగా ఉండాలి.

వినతిపత్రంపై రసీదు నంబరు తప్పక తీసుకోండి. తర్వాత ఏ కార్యాలయానికి వెళ్లినా మొదట అడిగేది అదే.