మూడు గంటలు, ఒక తెర

తెల్లారుజామున నాలుగున్నర. పత్తికొండ బస్టాండులో కర్నూలు బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. మే నెల కదా, నిన్నటి ఎండ వేడి ఇంకా నేలలోనే ఉంది. కిటికీ పక్కన ఇంటర్ పూర్తి చేసిన అమ్మాయి. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ హాల్‌టికెట్, ఆధార్ కార్డు, రెండు బాల్ పెన్నులు. పక్కన తండ్రి, టమోటా రైతు.

"నిమ్మళంగా రాయి పాపా, బిత్తరపోవద్దు" అంటాడు.

"లెక్కలు వస్తాయి నాయనా. ఆ కంప్యూటరే..." అని ఆగిపోతుంది.

వెనక సీట్లో ఇద్దరు అబ్బాయిలు. మన షిఫ్టుకు కష్టమైన పేపరు వస్తే ఎట్ల అని ఒకడి దిగులు. నార్మలైజేషన్ ఉంది, మార్కులు సర్దుతారు లేరా అని రెండోవాడి ధీమా. "నెగెటివ్ మార్కులు లేవు కదా, రానివన్నీ బి కొట్టేస్తా" అంటాడు. దేవనకొండ, కోడుమూరు దాటేసరికి తెల్లారిపోతుంది. మాటలు తగ్గుతాయి. నోట్సు తెరిచినా ఎవరికీ తలకెక్కడం లేదు.

కర్నూలు శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. గేటు ముందు క్యూ. హాల్‌టికెట్ చూస్తారు, తనిఖీ చేస్తారు, వేలిముద్ర, ఫొటో తీసుకుంటారు. తొమ్మిది గంటలకు పరీక్ష మొదలు. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. అందుకే ఎనభై కిలోమీటర్ల పైనుంచి వచ్చే పిల్లలకు పరీక్ష కోడి కూతకు ముందే మొదలవుతుంది.

ఇప్పుడు ఆమె వెనక నిలబడి చూడండి. తెర మీద ఆమె పేరు, ఫొటో. కుడివైపు 160 నంబర్ల గళ్లు. జవాబిస్తే ఆకుపచ్చ, చూసి వదిలేస్తే ఎరుపు, మళ్లీ చూద్దామని గుర్తు పెట్టుకుంటే ఊదా. పైన గడియారం 180 నిమిషాల నుంచి వెనక్కి నడుస్తోంది. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు.

మొదటి ప్రశ్న మాత్రికల మీద. వచ్చిన లెక్కే. తెర మీద చూసి రఫ్ కాగితం మీదికి ఎక్కించుకుంటోంది. చూపు పైకి, కిందికి, మళ్లీ పైకి. రెండో వరుసలో మైనస్ గుర్తు జారిపోయింది. వచ్చిన జవాబు నాలుగు ఆప్షన్లలో ఎక్కడా లేదు. మళ్లీ మొదటినుంచి. చేతిలో ప్రశ్నపత్రమే ఉంటే ఆ మైనస్ చుట్టూ పెన్నుతో సున్న చుట్టి ఉండేది. తెర మీద ఆ వీలు లేదు. జవాబు గుర్తించాక సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కకుండా పక్క నంబరు నొక్కింది. పెట్టిన జవాబు పోయింది. గుండె దడదడలాడింది. నాలుగు నిమిషాలు గడిచిపోయాయి.

లెక్కలో ఆమె తెలివికి వంక పెట్టలేం. మనసు ఒక్కసారికి మోయగలిగింది కొంచెమే. ఆస్ట్రేలియాకు చెందిన విద్యా మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ 1988లోనే ఈ సంగతి సిద్ధాంతంగా చెప్పాడు. లెక్కకు పెట్టాల్సిన ధ్యాస మౌసుకీ, స్క్రోలుకీ, రంగుల గళ్లకీ పోతే లెక్కకు మిగిలేది తగ్గుతుంది. మన సీమలో బోరు నీళ్ల లాంటిదే ధ్యాస. దారిలో ఇంకిపోయేకొద్దీ మడికి చేరేది తక్కువ. తెర మీద చదివినదాని కంటే కాగితం మీద చదివినది బాగా అర్థమవుతుందని 2018లో వెలువడిన ఒక పరిశీలన తేల్చింది. లక్షా డెబ్బై వేల మందికి పైగా పాల్గొన్న 54 అధ్యయనాలను అది కలిపి చూసింది. టైము పెట్టి చదివించినప్పుడు ఆ తేడా ఇంకా ఎక్కువట.

ఈ పరీక్ష ఎంసెట్ పేరుతో 2017లో కంప్యూటర్ మీదికి మారింది. 2021 నుంచి ఈఏపీసెట్ అయింది. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లకూ, సెల్‌ఫోన్ తప్ప ఇంకేమీ ముట్టని పిల్లకూ ఆ తెర ఒకటే. అలవాటు మాత్రం ఒకటి కాదు.

పదకొండున్నర. ఫ్యాన్ల చప్పుడు, మౌస్ క్లిక్కుల చప్పుడు. బస్సులో బి అన్న అబ్బాయి రెండు వరుసల అవతల ఉన్నాడు. ప్రశ్న పూర్తిగా చదవడం మానేశాడు. చకచకా నొక్కుతూ పోతున్నాడు. చదవడానికి కూడా చాలనంత వేగంగా జవాబిస్తే అక్కడ ప్రయత్నం ఆగిపోయినట్టే లెక్క. స్టీవెన్ వైజ్, షియావోజింగ్ కాంగ్ అనే పరిశోధకులు 2005లో జవాబుకు పట్టిన సెకన్లతోనే పిల్లల ప్రయత్నాన్ని కొలిచారు. రాని ప్రశ్నకు చివర్లో ఊహించి నొక్కడం తప్పేమీ కాదు, నెగెటివ్ మార్కులు లేవు. వచ్చే ప్రశ్నను కూడా అలసిపోయి ఊహకు వదిలేయడమే నష్టం. మా షిఫ్టు కష్టం, అంతా అదృష్టం అనుకుంటూ కూర్చున్నవాడికి ఆ అలసట ముందే వస్తుంది.

ఆ అమ్మాయి ఆగింది. కళ్లు మూసుకుని నీళ్లు తాగింది. ఊదా గళ్లలోకి వెనక్కి వెళ్లి ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చింది. పన్నెండింటికి తెర దానంతటదే ఆగిపోయేసరికి రెండే గళ్లు ఎర్రగా మిగిలాయి.

తల్లిదండ్రులకూ, లెక్చరర్లకూ ఒక మాట. ఈ పరీక్షకు మాక్ టెస్టు అధికారిక వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. సెల్‌ఫోన్లో చేస్తే చాలదు. మౌసు చేత్తో పట్టుకుని, పక్కన రఫ్ కాగితం పెట్టుకుని, మూడు గంటలు లేవకుండా కూర్చుని రాయాలి. పత్తికొండలో గానీ, ఆదోనిలో గానీ, కాలేజీ కంప్యూటర్ ల్యాబులను వేసవిలో ఆదివారాలైనా ఈ పిల్లలకు తెరిచి ఉంచండి. రెండేళ్లు చదివిన చదువు మౌస్ దగ్గర తడబడకూడదు.