క్రియాశీల గెలాక్సీ కేంద్రకాల వాయు ప్రవాహాలు: ఎక్స్-కిరణ వర్ణపట అధ్యయన చరిత్ర

కొన్ని గెలాక్సీల నడుమ ఉన్న భారీ కృష్ణ బిలం చుట్టూ తిరుగుతూ లోపలికి జారే పదార్థం విపరీతంగా వెలుగుతుంది. ఇలా వెలిగే కేంద్రాలను క్రియాశీల గెలాక్సీ కేంద్రకాలు అంటారు. జారే వాయువంతా బిలంలో పడదు, కొంత బయటికి వీస్తుంది. ఆ గాలి మన చూపుకు అడ్డం వచ్చినప్పుడు అందులోని ఆక్సిజన్, నియాన్, ఇనుము అయాన్లు కేంద్రం నుంచి వచ్చే ఎక్స్-కిరణాల్లో తమకు తగిన శక్తి ఉన్నవాటిని మింగేస్తాయి. వర్ణపటంలో ఆ చోట్ల శోషణ రేఖలు పడతాయి. వాయువు మనవైపు వస్తుంటే ఆ రేఖలు అధిక శక్తి వైపు జరుగుతాయి. ఆ జరుగుబాటును బట్టి వేగం లెక్కకడతారు.

నల్లమల అంచున వెలుగోడు మీద ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా ఎక్స్-కిరణాలు నేలకు చేరవు, వాతావరణం వాటిని ఆపేస్తుంది. అందుకే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు 1968లో హైదరాబాద్ నుంచి పరికరాలను బెలూన్లో పైకి పంపి స్కార్పియస్ ఎక్స్-1 అనే ఎక్స్-కిరణ మూలాన్ని పరిశీలించారు. దేశంలో ఎక్స్-కిరణ ఖగోళశాస్త్రానికి పునాది పడింది ఇలాంటి ప్రయోగాలతోనే. అయితే అంత ఎత్తులోనూ సుమారు 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన కిరణాలే అందుతాయి. కేంద్రకాల నుంచి వీచే వాయువుల గుర్తులు చాలావరకు 10 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల లోపే ఉంటాయి. వాటికి ఉపగ్రహం తప్పనిసరి.

1984లో జూల్స్ హాల్పెర్న్ ఐన్‌స్టీన్ ఉపగ్రహ పరిశీలనలతో ఎంఆర్ 2251-178 అనే క్వేజార్ ముందు అయనీకృత వాయువు ఉందని ప్రతిపాదించాడు. 1990లలో రోశాట్, ఆస్కా ఉపగ్రహాలు అలాంటి వాయువును చాలా సీఫర్ట్ గెలాక్సీల్లో చూపాయి. కానీ రేఖలు విడివిడిగా కనిపించింది 1999లో చంద్ర, ఎక్స్‌ఎంఎం-న్యూటన్ ఉపగ్రహాలు వెళ్లాకే. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్ర, ఎన్‌జీసీ 3783 అనే గెలాక్సీని మొత్తం 9 లక్షల సెకన్లు పరిశీలించింది. అందులో వందకు పైగా శోషణ రేఖలు దొరికాయి. వాయువు వేగం సెకనుకు కొన్ని వందల కిలోమీటర్లు.

అసలు సంచలనం 2003లో. పీజీ 1211+143 అనే క్వేజార్‌లో గాలి కాంతివేగంలో దాదాపు పదో వంతుతో వీస్తోందని కెన్ పౌండ్స్ బృందం ప్రకటించింది. ఆ రేఖలకు వేరే అయాన్లను ఆపాదించి, వేగం అంత లేదన్నవారూ ఉన్నారు. 2010లో ఫ్రాంచెస్కో టొంబేసి బృందం 42 కేంద్రకాలను వెదికి మూడో వంతుకు పైగా వాటిలో ఇలాంటి అతివేగ ప్రవాహాల ఆనవాళ్లు చూపింది. 2015లో ఎక్స్‌ఎంఎం-న్యూటన్, నూస్టార్ ఉపగ్రహాల పరిశీలనలు పీడీఎస్ 456 అనే క్వేజార్ గాలి అన్ని దిక్కులా విస్తరిస్తోందని తేల్చాయి. అంత శక్తి ఉన్న గాలి గెలాక్సీలోని వాయువును ఊడ్చి, నక్షత్రాల పుట్టుకను అడ్డుకోగలదు. ఈ అధ్యయనానికి ఇంత ప్రాధాన్యం అందుకే.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 ఆస్ట్రోశాట్‌ను మోసుకెళ్లింది. అతినీలలోహిత కాంతినీ ఎక్స్-కిరణాలనూ ఒకేసారి చూడగలగడం దాని బలం. కేంద్రకాల వెలుగు ఎలా మారుతుందో పట్టుకోవడానికి అది ఎంతో విలువైనది. కానీ అందులోని మృదు ఎక్స్-కిరణ టెలిస్కోపు సన్నని శోషణ రేఖలను విడదీయలేదు. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచే వెళ్లిన ఎక్స్‌పోశాట్ కూడా ఈ రేఖల కోసం కాదు, ప్రధానంగా ఎక్స్-కిరణాల ధ్రువణాన్ని కొలవడానికి ఉద్దేశించినది.

2023లో వెళ్లిన జపాన్ ఉపగ్రహం క్రిజం, ఒక్కో ఫోటాన్ తెచ్చే అతిసూక్ష్మమైన వేడిని కొలిచే కాలరీమీటరుతో, పీడీఎస్ 456 గాలిలో కాంతివేగంలో 20 నుంచి 30 శాతం వేగమున్న ఐదు వేర్వేరు పాయలను విడదీసింది. ఆ ఫలితం 2025లో వెలువడింది. గాలి ఏకధారగా కాక ముద్దలు ముద్దలుగా వస్తోందని దానితో తెలిసింది. శ్రీహరికోట నుంచి వెళ్లబోయే ఎక్స్-కిరణ ఉపగ్రహాల్లో ఒకటైనా ఇలాంటి కాలరీమీటరును మోసుకెళ్లాలి.